అంగుళమంత వీరులు – అరచేతిలో సాధన

విద్యార్థి జీవితంలో తరగతి గది వెలుపల గడిచే గంటలు తరగతిలో గడిచే గంటల కంటె తక్కువేమీ కావు. ఆ గంటలను అతడు ఎట్లు వినియోగించుకుంటున్నాడనే దానిని బట్టి అతని స్వభావం చాలవరకు రూపుదిద్దుకుంటుంది. పొద్దు గడవడానికి చేసేది కాలక్షేపం. పొద్దు వెచ్చించి ఏదో ఒకటి నేర్చుకోవడానికి చేసేది వ్యాసంగం. ఈ రెంటికీ గల భేదాన్ని మన సోదర విద్యార్థులకు గుర్తు చేయదలచి, మన ప్రాంతంలో బహు కొద్దిమందికే పరిచయమున్న ఒక వ్యాసంగాన్ని ఈ సంచిక ద్వారా పాఠకుల ముందు ఉంచుతున్నాము. బల్లపై ఆడే కాల్పనిక యుద్ధక్రీడ కొరకు తయారయ్యే అతి చిన్న బొమ్మలకు చేతితో రంగులు వేయడమే ఆ వ్యాసంగం. దీనిని పిల్లల ఆటగా కొట్టివేయడం తగదని మా అభిప్రాయం. అసంపూర్ణంగా చేతికి వచ్చిన వస్తువును తన శ్రమతో సంపూర్ణం చేసే అలవాటు నేటి విద్యార్థికి మిక్కిలి అవసరమనీ, ఆ అలవాటును ఇంత సూటిగా నేర్పే వ్యాసంగాలు కొద్దిగానే ఉన్నాయనీ మేము నమ్ముతున్నాము.

ముందుగా ఆ బొమ్మ ఎటువంటిదో తెలుసుకోవాలి. మనిషి రూపంలో ఉన్న బొమ్మ దాదాపు 28 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే అంగుళం కంటె ఒకింత ఎక్కువ. కవచం తొడిగిన యోధులు, మాంత్రికులు, ఆర్కులనబడే ఆకుపచ్చని రాక్షసులు, పొడుగు చెవుల ఎల్ఫులు, ఎముకల గూళ్ళు, రెక్కల డ్రాగన్లు ఈ ప్రపంచంలోని జనం. ఇద్దరు ఆటగాళ్ళు పెద్ద బల్లపై ఎదురెదురుగా తమ సేనలను నిలుపుతారు. మధ్యలో కొండలను, గోడలను, శిథిలాలను అమర్చుతారు. చదరంగంలో వలె గళ్ళు ఉండవు. ఏ దళం ఎంత దూరం నడవవచ్చునో టేపుతో కొలుస్తారు. దెబ్బ తగిలినదా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. అయితే ఈ ఆటకు ఒక విశేషం ఉన్నది. దుకాణంలో కొన్న పెట్టెను తెరిస్తే ఆడుకోవడానికి సిద్ధమైన బొమ్మలు సాధారణంగా కనిపించవు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రం, దానిని అంటిపెట్టుకొని విడివిడిగా చేతులు, తలలు, కత్తులు, డాళ్ళు ఉంటాయి. పెట్టె మూత మీద కళకళలాడే రంగులు, లోపల రంగు లేని ముక్కలు. ఆ రెంటి నడుమ ఉన్న దూరాన్ని కొన్నవాడే నడవాలి.

యుద్ధాన్ని బల్ల మీదికి తెచ్చే యోచన నేటిది కాదు. చదరంగం అందుకు ప్రాచీనమైన ఉదాహరణ. 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో యోహాన్ హెల్విగ్ అనే విద్వాంసుడు చదరంగాన్ని విస్తరించి, నేల తీరును సూచించే రంగు గళ్ళతో ఒక యుద్ధక్రీడను రూపొందించాడు. 1812లో రైస్‌విట్జ్ అనే ప్రష్యా దేశీయుడు కొండలు, నదులు గల బల్లను తయారుచేయించి రాజుకు సమర్పించాడు. అతని కుమారుడు 1824లో ఆ ఆటకు సమగ్రమైన నియమాలను ప్రకటించగా, ప్రష్యా సైన్యం దానిని తన అధికారుల శిక్షణకు వాడుకున్నది. 1893లో ఇంగ్లండులో బ్రిటన్ కుటుంబం వారి సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను పోతపోయడం మొదలుపెట్టింది. బోలు బొమ్మకు లోహం తక్కువ పడుతుంది గనుక ధర తగ్గింది, సైనికులు సామాన్యుల ఇండ్లలోకి ప్రవేశించారు. 1913లో సుప్రసిద్ధ రచయిత హెచ్. జి. వెల్స్ ఆ బొమ్మలతో ఇంటి నేలపై ఆడుకునే ఆటకు నియమాలు వ్రాసి ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంగా వెలువరించాడు.

ఈ చారిత్రక సైనికుల నడుమకు మాంత్రికులు, రాక్షసులు ఎట్లు వచ్చారన్నది వేరొక కథ. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు టోల్కీన్ 1937లో ‘ది హాబిట్’ను, 1954, 1955 సంవత్సరాలలో ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను ప్రకటించి ఒక సమగ్రమైన కాల్పనిక జగత్తును పాఠకులకు ఇచ్చాడు. 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ మధ్యయుగ సైనిక క్రీడకు నియమాలు వ్రాస్తూ, చివర మాంత్రికులకు, డ్రాగన్లకు కూడ ఒక భాగం కేటాయించారు. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను వెలువరించారు. 1975లో లండనులో ముగ్గురు మిత్రులు గేమ్స్ వర్క్‌షాప్ అనే చిన్న సంస్థను స్థాపించారు. ఆరంభంలో వారు చెక్కతో ఆట పలకలను చేతితో తయారుచేసి అమ్మేవారు. 1979లో సిటడెల్ మినియేచర్స్ అనే బొమ్మల సంస్థ దానికి తోడయింది. 1983లో ‘వార్‌హ్యామర్’, 1987లో దాని భవిష్యత్కాలపు రూపమైన ‘వార్‌హ్యామర్ 40,000’ వెలువడ్డాయి. నాటింగ్‌హామ్ నగరం ఈ పరిశ్రమకు కేంద్రమయింది. ఉత్తమ వర్ణకారులకు ఇచ్చే ‘గోల్డెన్ డీమన్’ పోటీ కూడ 1987లోనే ఆరంభమైనది. ఆ ముగ్గురు మిత్రుల సంస్థ 2024 డిసెంబరులో లండను షేర్ మార్కెట్టులోని మొదటి నూరు పెద్ద కంపెనీల జాబితాలో చేరిందంటే ఈ బొమ్మలు ఎంత దూరం నడిచాయో ఊహించుకోవచ్చును.

చరిత్ర అటుంచి పనిలోకి వద్దాము. ముక్కలను చట్రం నుండి కోసి తీసిన పిదప, అచ్చు రెండు సగాలు కలిసిన చోట మిగిలిన సన్నని గీతను కత్తి అంచుతో గీకివేయాలి. ఈ గీతను ఉపేక్షిస్తే, తరువాత ఎన్ని రంగులు పూసినా అది ముఖం మీద మచ్చ వలె బయటపడుతుంది. ముక్కలను జిగురుతో అతికి, సందులు మిగిలితే పుట్టీ నింపాలి. కొండపల్లి బొమ్మలను ఎరిగిన వారికి ఈ పద్ధతి కొత్త కాదు. అక్కడి కళాకారులు తెల్లపొణికి కర్రతో చెక్కిన అవయవాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఇక్కడ పుట్టీ చేసే పనిని అక్కడ మక్కు చేస్తుంది. రంగు పట్టడానికి ముందుగా ఇక్కడ ప్రైమర్ పూత వేయాలి. ప్రైమర్ లేని ప్లాస్టిక్ మీద రంగు నిలవదు. వ్రేలు తగిలితే చాలు, పెచ్చులుగా ఊడిపోతుంది.

ఆపై అసలు రంగుల పని. ఆక్రిలిక్ రంగును సీసాలోనుండి తీసి నేరుగా బొమ్మకు పూయరాదు. నీటితో పలుచన చేసి, ఒక పూత ఆరిన పిదప రెండవ పూత వేయాలి. ‘రెండు పలుచని పూతలు’ అన్నది ఈ వ్యాసంగంలో ఉన్నవారందరికీ మంత్రప్రాయమైన మాట. చిక్కని రంగును ఒకేసారి పూస్తే శిల్పి ఎంతో శ్రమించి చెక్కిన వస్త్రపు మడతలు, వ్రేళ్ళ సందులు పూడిపోతాయి. ప్రతి భాగానికి మూల వర్ణం పూసిన తరువాత, నీళ్ళవంటి ముదురు రంగును బొమ్మపై పారించాలి. అది పల్లాలలోకి జారి నీడలను ఏర్పరుస్తుంది. దీనినే వాష్ అంటారు. తరువాత కుంచెకు రంగు అద్ది, గుడ్డపై దాదాపు అంతా తుడిచివేసి, ఆ పొడి కుంచెను గొలుసు కవచాలపై, జంతువుల రోమాలపై తేలికగా ఆడిస్తే మిట్టలు మాత్రమే మెరుస్తాయి. చివరగా అంచులకు సన్నని లేత గీతలు, కళ్ళు, పెదవులు, కాలి క్రింద ఇసుక. ఒక దళాన్ని పూర్తి చేయడానికి కొన్ని వారాల సాయంకాలాలు పట్టడం సర్వసాధారణం.

ఈ పనిలో కేవలం చేతి నేర్పే గాక కంటికి కూడ విద్య ఉన్నది. ఎండలో నిలబడిన మనిషి ముక్కు క్రింద, గడ్డం క్రింద నీడ సహజంగా పడుతుంది. అంగుళమంత బొమ్మ విషయంలో ఆ నీడ కంటికి ఆనదు. అందుచేత వర్ణకారుడు ముందుగా వెలుగు ఏ దిక్కు నుండి వస్తున్నదో నిశ్చయించుకొని, నీడను తానే చిత్రించాలి. ఎర్రని వస్త్రానికి నీడ కావలసినప్పుడు కొత్తవాడు నలుపు కలుపుతాడు, రంగు మురికిబారుతుంది. అనుభవజ్ఞుడు ఊదానో ముదురు గోధుమ వర్ణాన్నో ఆశ్రయిస్తాడు. వెలుగుకు తెలుపు కలిపితే ఎరుపు గులాబీ రంగులోకి దిగిపోతుంది గనుక నారింజ వైపు నడుస్తాడు. మెరుపు రంగు చుక్కయినా వాడకుండ, ముదురు నీలం నుండి తెలుపు వరకు మెట్లు మెట్లుగా వర్ణాలు పేర్చి కత్తి తళతళలాడినట్లు భ్రమ కలిగించేవారు కూడ ఉన్నారు. ఈ విద్య అలవడిన వాడు వీధిలో నడిచేటప్పుడు కూడ గోడ మీద నీడ ఏ రంగులో ఉన్నదో గమనిస్తాడు. భౌతికశాస్త్రంలో కాంతిని గురించి చదివే విద్యార్థికి ఇది ఒక ప్రయోగశాల వంటిదే.

‘మినియేచర్’ అనే మాట పుట్టుక కూడ ఇక్కడ స్మరింపదగినది. సీసపు సింధూరాన్ని లాటిన్ భాషలో ‘మీనియం’ అంటారు. వ్రాతప్రతులలో ఆ ఎర్రని వర్ణంతో అలంకరించే పని నుండి ఆ మాట ఏర్పడింది. చిన్నతనం అనే అర్థం దానికి తరువాత వచ్చి చేరింది. అనగా మాట మూలంలో ఉన్నది పరిమాణం కాదు, రంగు. మన హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో దక్కనీ సూక్ష్మచిత్రాలను చూసిన వారికి, చిన్న కాగితం మీద కనురెప్పను కూడ వదలకుండ చిత్రించే శ్రద్ధ ఎటువంటిదో వేరే చెప్పనక్కర లేదు. నాటింగ్‌హామ్ బొమ్మను చేతబట్టినవాడు ఎరిగినా ఎరుగకున్నా ఆ శ్రద్ధకే శిష్యుడు.

ఇంతవరకు ఈ వ్యాసంగపు గుణాలను చెప్పాము. దీనిపై రాదగిన ఆక్షేపణలను కూడ పరిశీలించడం న్యాయం. మొదటిది, ఇది యుద్ధాన్ని కీర్తించే ఆట అన్నది. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. వెల్స్ తన పుస్తకంలో, బొమ్మల యుద్ధం ఆడి చూస్తే నిజమైన యుద్ధం ఎంత అవకతవకల వ్యవహారమో బోధపడుతుందని వాదించాడు. ఆ పుస్తకం వెలువడిన మరుసటి సంవత్సరమే, 1914లో, ప్రపంచ యుద్ధం ఆరంభమైనది. అటు ప్రష్యా సైన్యానికి ఈ బల్లయే నిజమైన యుద్ధానికి పాఠశాల అయినది. కనుక ఆట దానంతట అది శాంతిని బోధిస్తుందని మేము అనజాలము. ‘వార్‌హ్యామర్ 40,000’లోని క్రూర సామ్రాజ్యాన్ని కొందరు ఆదర్శంగా భావించడంతో, అది వ్యంగ్య చిత్రణమే గాని ఆదర్శం కాదనీ, ద్వేషాన్ని ప్రచారం చేసేవారికి తమ క్రీడలో చోటు లేదనీ 2021లో ఆ సంస్థయే బహిరంగంగా ప్రకటించవలసి వచ్చినది. ఆట ఆడేవారి వివేకంపైనే సర్వం ఆధారపడి ఉన్నదని దీనివలన స్పష్టమగుచున్నది. అయినను ఒక్క మాట. నియమాల పుస్తకంలో సైనికుడు ఒక అంకె మాత్రమే. వర్ణకారుని బల్ల మీద అతనికి ముఖం ఉంటుంది, చిరిగిన చొక్కా ఉంటుంది, బూటుకు బురద ఉంటుంది. గంటసేపు ఆ ముఖాన్నే చూసినవాడు సైన్యాన్ని కేవలం అంకెగా భావించడం ఒకింత కష్టమని మా ఊహ.

రెండవ ఆక్షేపణ, ఇది చిన్నపిల్లల చేష్ట అన్నది. హాలీవుడ్ వరకు పేరు గాంచిన ఆంగ్ల నటుడు పీటర్ కుషింగ్ తన తీరిక వేళలలో చిన్న సైనికులకు రంగులు వేసి, వెల్స్ నియమాల ప్రకారం ఆడుకునేవాడు. 1956లో ఆ దృశ్యాన్ని వార్తాచిత్రంగా కూడ తీశారు. పెద్ద వయసువారు ఆడుకోవడం లజ్జాకరమైతే చదరంగం, క్యారమ్స్ కూడ లజ్జాకరమే కావాలి. ఆ సంగతి అటుంచితే, రంగు వేసే పని అసలు ఆట కాదు. దానిలో గెలుపు ఓటములు లేవు. ఎదుటివాడు కూడ లేడు. నిన్నటి బొమ్మ కంటె నేటి బొమ్మ మెరుగైనదా అన్నదే ఉన్న ఒకే ప్రశ్న.

మూడవది, ఖర్చు. ఈ ఆక్షేపణతో మేము పూర్తిగా ఏకీభవిస్తున్నాము. పేరుగాంచిన కంపెనీల పెట్టె ఒక్కటి కొంటే దాని వెల హాస్టల్ నెల మెస్ బిల్లుతో పోటీ పడగలదు. పైగా ఏటేటా కొత్త బొమ్మలు, కొత్త నియమాల పుస్తకాలు వెలువడుతూనే ఉంటాయి. కొన్నవారు కొంటూనే ఉంటారు. రంగు వేయకుండ అటక మీద పేరుకుపోయిన పెట్టెలను ఆంగ్ల దేశపు వర్ణకారులు తామే ‘సిగ్గుల గుట్ట’ అని పిలుచుకుంటారు. ఆ మాటలో హాస్యం ఎంత ఉన్నదో సత్యం అంత ఉన్నది. కొనడం ఒక నిమిషం పని, పూర్తి చేయడం ఒక నెల పని. నిమిషం పనిలోని సంతోషాన్ని మరిగినవాడు నెల పనిని వాయిదా వేస్తాడు. అప్పుడు వ్యాసంగం వ్యసనమవుతుంది. కావున మేము ఒక నియమాన్ని ప్రతిపాదిస్తున్నాము. చేతిలోని బొమ్మ పూర్తికానిదే మరొక బొమ్మ కొనరాదు. ఒక నాణ్యమైన సన్నకుంచె, ఒక నాసిరకం కుంచె, ఆరేడు ఆక్రిలిక్ రంగులు, ఐదే ఐదు బొమ్మలు ఉంటే ఒక సంవత్సరపు సాధనకు చాలును. అంతకూ స్తోమత లేని విద్యార్థి గట్టి ప్లాస్టిక్ లేదా చెక్క చదరంగపు పావుల మీద అభ్యాసం మొదలుపెట్టవచ్చును. గుర్రపు పావుకు కళ్ళు, జూలు, కళ్ళెం ఉండనే ఉన్నాయి. బజారులో పొట్లాలుగా అమ్మే మెత్తని ప్లాస్టిక్ సైనికులు మాత్రం పనికిరారు. వంచితే వంగే ఆ ప్లాస్టిక్ మీద రంగు పగులుతుంది.

నాలుగవది, ఇది పరదేశపు వ్యాసంగం, మనకేల అన్నది. బొమ్మలు పరదేశానివే, సందేహం లేదు. కాని మాంత్రికులు, అద్భుత సేనలు, మాయాదుర్గాలు మనకు కొత్తవా? అక్బరు చక్రవర్తి ఆస్థానంలో అమీర్ హంజా సాహసగాథకు దాదాపు 1400 చిత్రాలు వేయడానికి ఎందరో చిత్రకారులు ఏళ్ళ తరబడి శ్రమించారు. ఆ గాథా సంప్రదాయం నుండే ఉర్దూలో ‘తిలిస్మె హోష్‌రుబా’ పుట్టింది. 1883 నుండి లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం దానిని సంపుటాలుగా ప్రచురించింది. అఫ్రాసియాబ్ మాయలను, అమర్ అయ్యార్ టక్కరితనాన్ని ఎరిగిన ఉర్దూ పాఠకునికి ఏ నాటింగ్‌హామ్ మాంత్రికుడూ వింతగా తోచడు. ఇటు తెలుగులో మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ చదివినవారికి రాక్షసులు, గంధర్వులు ఇంటి చుట్టాలే. రెండు భాషల విద్యార్థులు ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి ఇంతకంటె చక్కని సందర్భం ఏమున్నది? కంపెనీ పుస్తకంలోని రంగులనే అనుకరించవలెనని నిర్బంధం కూడ లేదు. ఒకరు తమ యోధునికి అఫ్రాసియాబ్ కొలువులోని వస్త్రాలు ఊహించి వేయవచ్చు, మరొకరు కాశీమజిలీ రాకుమారుని వేషం వేయవచ్చు. ఎందుకు ఆ రంగు ఎంచుకున్నావని ప్రక్కవాడు అడిగినప్పుడు చెప్పే సమాధానమే ఒక కథ అవుతుంది. ఇక జీవుల ప్రతిరూపాలను చేయడానికి మనస్సాక్షి అంగీకరించని విద్యార్థులు కూడ మనలో ఉండవచ్చును. వారికి ఈ వ్యాసంగంలో సగభాగం తెరిచే ఉన్నది. కోటగోడలు, వంతెనలు, శిథిల సౌధాలు, కొండచరియలు థర్మోకోలుతో, అట్టతో, ఇసుకతో నిర్మించి రంగులు వేయడం బొమ్మల పని కంటె ఏమాత్రం తక్కువది కాదు. దానికి ఖర్చు కూడ స్వల్పమే.

ఆక్షేపణలకు సమాధానాలు ఇట్లుండగా, అసలు విషయం వేరొకటి ఉన్నది. నేటి విద్యార్థికి ప్రతిదీ పూర్తయిన రూపంలో అందుతున్నది. ప్రశ్నలకు జవాబులు గైడులలో సిద్ధంగా ఉంటాయి. వ్యాసం కావలెనన్నా, చిత్రం కావలెనన్నా కంప్యూటరును అడిగితే క్షణంలో తయారు చేసి ఇస్తున్నది. ఇందులో సౌకర్యం లేదని ఎవరూ అనరు. కాని సిద్ధవస్తువును స్వీకరించిన చేతికి అది ఎట్లు తయారైనదో తెలియదు. అందులోని లోపాన్ని కనిపెట్టే శక్తి కూడ క్రమంగా సన్నగిల్లుతుంది. రంగు లేని బొమ్మ అటువంటి సిద్ధవస్తువు కాదు. అది మనలను ఒక పని అడుగుతుంది. మొదటి బొమ్మ వికారంగా వస్తుంది, రెండవది కొంచెం నయం, పదవ దాని కళ్ళు ఒకే వైపు చూస్తాయి. రంగు చెడితే కడిగివేసి మరల మొదలుపెట్టవచ్చును. ఎంత ప్రయత్నం పెట్టామో అంతే ఫలితం కంటి ఎదుట కనిపిస్తుంది. ఈ నిజాయితీ మన పరీక్షా విధానంలో కూడ ఎల్లవేళలా లభించదు. ఈ ప్రపంచంలో కూడ శ్రమను తగ్గించే సాధనాలు వచ్చాయి. 2019లో ఒకే పూతతో వెలుగునీడలు రెండూ ఏర్పడే రంగులు విడుదలయ్యాయి. ముద్రణ యంత్రాలు ఇంటిలోనే రెసిన్ బొమ్మలను పోతపోసినట్లు తీసి ఇస్తున్నాయి. అయినను పోటీలకు వచ్చే బొమ్మలు నేటికీ కుంచెతో, ఓర్పుతో, పొర మీద పొరగా తయారైనవే. సాధనాలు మారాయి గాని సాధన మారలేదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. ఇందుకు ప్రత్యేక భవనం అక్కరలేదు. ఉత్తరపు కిటికీ ప్రక్కన ఒక పొడవాటి బల్ల, అద్దాల తలుపుల అలమర ఒకటి, రెండు టేబుల్ దీపాలు చాలును. కుంచెలు, రంగులు ఉమ్మడిగా ఉంటే ఒక్కొక్క విద్యార్థిపై భారం పడదు. కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. స్ప్రే ప్రైమర్‌ను గదిలో గాక ఆరుబయట వాడాలి. వానాకాలపు చెమ్మగాలిలో దానిని కొడితే పూత పొడి పట్టినట్లు తేలుతుంది గనుక ఆ రోజులలో కుంచెతో పూసే ప్రైమర్ మేలు. మన వేసవిలో ఆక్రిలిక్ రంగు కుంచె మీదనే ఆరిపోతుంది. తడి స్పాంజిపై పలుచని బటర్ పేపర్ పరచి దాని మీద రంగు ఉంచుకుంటే గంటల తరబడి ఆరదు. కుంచె మొనను నోటితో తడిపే అలవాటు ఎంతమాత్రం కూడదు. పూర్వపు బొమ్మలలో సీసం ఉండేది. 1990 దశకంలో దాని స్థానంలో తగరపు మిశ్రమాలు వచ్చాయి, తరువాత ప్లాస్టిక్ విస్తరించింది. కనుక పాత లోహపు బొమ్మ చేతికి దొరికితే చేతులు కడుక్కోవడం మరువరాదు, దానిని గీకిన పొడిని పీల్చరాదు.

కళాశాల దినోత్సవం నాడు సైన్సు ప్రదర్శన ప్రక్కన ఈ అలమరను కూడ ఉంచవచ్చును. బహుమతి ఇవ్వదలచినచో అందరికంటె అందమైన బొమ్మకు ఇవ్వవద్దని మా మనవి. అట్లయితే ఇంటివద్ద డబ్బూ తీరికా ఉన్నవారికే అది దక్కుతుంది. ప్రతి విద్యార్థి తన మొదటి బొమ్మను, తన చివరి బొమ్మను ప్రక్క ప్రక్కన నిలపాలి. ఆ రెంటి నడుమ ఎవరి దూరం ఎక్కువో వారికే బహుమతి. పరీక్షలో వెనుకబడిన విద్యార్థి కూడ ఈ పందెంలో నెగ్గవచ్చును. అటువంటి పందెం ఒకటి కళాశాలలో ఉండడం అందరికీ శ్రేయస్కరం.

సోదర విద్యార్థులారా! ఈ వ్యాసంగం మీ అందరికీ నచ్చాలని మేము కోరము. కొందరికి సంగీతం, కొందరికి క్రికెట్టు, కొందరికి తోటపని నచ్చుతాయి. ఏదైనను, సగంలో ఉన్నదానిని తీసుకొని చివరంటా చేసే పని ఒకటి మీ చేతిలో ఉండాలి. బొమ్మలవైపు మొగ్గినవారికి మాత్రం ఒక సలహా. మీ మొదటి బొమ్మ ఎంత వికారంగా ఉన్నా దానిని కడిగివేయకండి, ఎవరికీ ఇచ్చివేయకండి. వెనుక తేదీ వ్రాసి అలమరలో క్రింది అరలో పెట్టండి. ఏడాది గడిచిన పిదప దానిని తీసి చూసినప్పుడు మీరెంత నేర్చుకున్నారో ఏ మార్కుల పట్టికా అక్కరలేకుండ మీకే తెలుస్తుంది.